ఏడు ఆటలూ ఓడిపోయిన జట్టు తరఫున కళాశాల యాజమాన్యానికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు, ప్రిన్సిపాల్ గారికి, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు,

నమస్కారం.

విషయం: వచ్చే ఏడాది నుంచి ఫుట్‌బాల్ జట్టు ఉండదంటూ నోటీసు బోర్డులో పెట్టిన నిర్ణయం గురించి.

నేను మీ కళాశాల పాత విద్యార్థిని. 1993 నుంచి 1996 దాకా బి.కాం. చదివాను, మూడేళ్ళూ టీమ్‌లో లెఫ్ట్ హాఫ్, అంటే మధ్య వరుసలో ఎడమ పక్క, ఆడాను. ఇప్పుడు పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాని. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు రిటైరయ్యాక ఆ పోస్టు అలాగే ఖాళీగా ఉండిపోయింది. అప్పటి నుంచి, అంటే రెండేళ్ళుగా, ఆఫీసుకి వెళ్ళే ముందు వచ్చి కుర్రాళ్ళతో ప్రాక్టీసు చేయిస్తున్నాను. జీతం లేదు, నేను అడగనూ లేదు. కళాశాల పేరు ఇక్కడ రాయడం లేదు, ఆ పరువులో నాకూ వాటా ఉంది. పిల్లల పేర్లూ రాయను. వాళ్ళకింకా ఇంటర్నల్ మార్కులు పడాలి.

ఈ ఉత్తరం బయటికి వచ్చే ముందు మూడు ఉత్తరాలు లోపలికి వెళ్ళాయి. జూలైలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి, నోటీసు పడిన మర్నాడు ఇంకొకటి. మూడింటి కాపీల మీదా ఆఫీసు వాళ్ళు వేసిన ఇన్‌వర్డ్ స్టాంపు ఉంది. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. కనుక్కుందామని వెళితే, "ఫైలు పైన ఉందండి" అన్నారు. మన బిల్డింగు రెండంతస్తులే కదా, ఎంత పైన ఉందో నాకు అర్థం కాలేదు.

నోటీసులో ఉన్నవి రెండే వాక్యాలు. ఆశించిన ఫలితాలు రానందున జట్టును పోటీలకు పంపడం నిలిపివేస్తున్నామని ఒకటి. మైదానంలో ఆ భాగాన్ని ద్విచక్ర వాహనాల పార్కింగుకు కేటాయిస్తున్నామని రెండోది.

ముందు మొదటి వాక్యం సంగతి చూద్దాం. అందులో అబద్ధం లేదు. ఈ ఏడాది రెండు నాకౌట్ టోర్నీలు, నాలుగు ఆటల లీగు, ఒక ఫ్రెండ్లీ, మొత్తం 7 ఆటలు ఆడాం. ఏడూ పోయాయి. మేం వేసిన గోల్స్ 4, మాకు పడ్డవి 26. దాచడానికేమీ లేదు. మా వీధిలో ఇస్త్రీ బండి అతనికి కూడా తెలుసు, "ఈసారి ఎన్ని మాస్టారూ?" అని అడుగుతాడు. కాకపోతే, ఫలితాలు ఆశించింది ఎవరన్నదే నాకు తేలడం లేదు. ఏడు ఆటల్లో ఒక్కదానికి కూడా యాజమాన్యం తరఫున ఎవరూ వచ్చి గట్టు మీద నిలబడలేదు.

నాకు గుమస్తా బుద్ధి, లెక్క రాసుకుంటే గానీ నిద్ర పట్టదు. ప్రతి గోలూ ఏ నిమిషంలో పడిందో, ఎటువైపు నుంచి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. సీజన్ అయ్యాక ఒక ఆదివారం కూర్చుని లెక్క కట్టాను. 26 గోల్స్‌లో ఫస్టాఫ్‌లో పడ్డవి 7. సెకండాఫ్‌లో 19. ఆ 19లో 14 గోల్స్ 70వ నిమిషం దాటాక పడ్డాయి. అంటే గంటా పది నిమిషాల దాకా ఈ కుర్రాళ్ళు ఎవరికీ తీసిపోలేదు. ఆ తర్వాత కాళ్ళు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1. గ్రౌండు సగమే ఉంది.

ఫుట్‌బాల్ మైదానం పొడవు నిబంధనల ప్రకారం 90 నుంచి 120 మీటర్ల మధ్య ఉండాలి. మన మైదానానికి ఆ పొడవు ఉండేది, మేం ఆడాం. కొత్త బ్లాకు కట్టడం మొదలుపెట్టాక ఉత్తరం వైపు సగంలో కంకర పోశారు, ఇనుప చువ్వలు పేర్చారు, నీళ్ళ ట్యాంకరుకి దారి చేశారు. బిల్డింగు స్లాబు పడి చాలా కాలమైంది, కంకర మాత్రం అక్కడే ఉంది. నేను అడుగులు వేసి కొలిస్తే ఆడుకోవడానికి మిగిలింది 45 మీటర్లకి మించదు.

సగం గ్రౌండులో ప్రాక్టీసు చేస్తే ఏమవుతుందో ఆడనివాళ్ళకి చెప్పాలి. మా కుర్రాళ్ళ పొట్టి పాసులు ముచ్చటగా ఉంటాయి. ఇరుకు సందులో పెరిగిన పిల్లల్లా బంతిని కాలి దగ్గరే తిప్పుకుంటారు. కానీ ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి, బంతి పోతే మళ్ళీ వెనక్కి పరుగెత్తి రావడం వాళ్ళ ఒంటికి అలవాటు లేదు. పొడుగాటి బంతి గాల్లో లేస్తే అది ఎక్కడ పడుతుందో మా సెంటర్ బ్యాక్‌కి అంచనా అందదు. ప్రాక్టీసులో అలాంటి బంతి కొడితే వెళ్ళి కంకరలో పడుతుంది కదా! మొదటి మ్యాచ్‌లో టాస్ అయ్యాక అతను గోలు దగ్గర నిలబడి అవతలి గోలు వైపు చూసి, "ఇంత దూరమా మాస్టారూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. 75వ నిమిషానికి నవ్వే ఓపిక కూడా అతనికి మిగల్లేదు.

2. సామాను.

కాలేజీ ఇచ్చిన బంతులు రెండు. ఒకదాని కుట్లు ఊడి ఒక పక్క గుమ్మడికాయలా ఉబ్బింది. నిబంధనల ప్రకారం బంతిలో గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి. మా దగ్గర కొలిచే మీటరు లేదు, బొటనవేలితో నొక్కి చూడటమే. రెండోది బాగానే ఉండేది, అక్టోబరులో పల్లేరు కాయ దిగింది. గ్రౌండు గడ్డి కోయించి ఎన్నేళ్ళయిందో ఆ పల్లేరు తీగలే చెబుతాయి. ఇరవై మంది ఒక్క బంతితో ప్రాక్టీసు చేస్తే ఒకడు తన్నుతాడు, పంతొమ్మిది మంది చూస్తారు. మోస్తరు బంతి ఒకటి వెయ్యి రూపాయల లోపే జగదాంబ దగ్గర దొరుకుతుంది.

మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునే షిన్‌గార్డులు లేకుండా ఆడనివ్వరు, అది రూలు. మావాళ్ళకి ఉన్నవి ఎనిమిది జతలు. మిగిలిన వాళ్ళు అట్టముక్కలు కోసి మేజోళ్ళలో దూర్చుకున్నారు. రెఫరీ తట్టి చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయిన రోజులున్నాయి. రైట్ బ్యాక్‌కి స్టడ్స్ (అడుగున బొడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు) లేవు, కాన్వాస్ బూట్లతోనే సీజనంతా లాగించాడు. ఇక కీపర్ గ్లవ్స్. అరచేతి రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, పంక్చర్ షాపులో సొల్యూషన్ అడిగి అంటించుకున్నాడు. మొదటి వాన దాకా ఆగింది.

3. పరీక్షలు.

ఏడు ఆటల్లో మూడు ఆటల రోజున ఇంటర్నల్సో ప్రాక్టికల్సో పడ్డాయి. పోటీల షెడ్యూలు ముందే చేతికి వచ్చింది. సెప్టెంబరులో నేనిచ్చిన రెండో ఉత్తరం దాని గురించే. లీగు రెండో మ్యాచ్ గాజువాక వైపు ఒక గ్రౌండులో పొద్దున్న తొమ్మిదిన్నరకి. అదే రోజు తొమ్మిదికి కెమిస్ట్రీ ప్రాక్టికల్. ఆరుగురు సైన్సు గ్రూపు వాళ్ళు ల్యాబ్‌లో ఉండిపోయారు. ఇంకొకడికి జ్వరం. నాకు మిగిలింది ఎనిమిది మంది.

ఏడుగురి కంటే తక్కువైతే ఆట మొదలుపెట్టకూడదని రూలు. ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి మొదలుపెట్టొచ్చు. అవతలి జట్టు మేనేజరు మంచాయన, దగ్గరికి వచ్చి మెల్లగా, "వాకోవర్ ఇచ్చేయండి సార్, పిల్లలు ఎందుకు ఇబ్బంది పడటం" అన్నారు. అంటే ఆడకుండానే ఆట వాళ్ళకి వదిలేయమని. నేను కూడా సరేననే అనుకున్నాను. కుర్రాళ్ళని అడిగితే కీపర్ అన్నాడు, "ఆడతాం మాస్టారూ. ఏటి, మహా అంటే ఓడిపోతాం." ఆ మాట మీద దిగారు.

ఫస్టాఫ్ అయ్యేసరికి 0-2. ఎనిమిది మంది పదకొండు మందిని నలభై ఐదు నిమిషాలు ఆపడం మామూలు సంగతి కాదు. అది అర్థం కావడానికి ఫుట్‌బాల్ తెలియాల్సిన పని లేదు. సెకండాఫ్‌లో గంట దాటాక ఒక స్కూటీ వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ల్యాబ్‌లో రీడింగులు ముందుగా ముగించి, లెక్చరర్ గారిని బతిమాలుకుని, కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనక ఇరుక్కుని వచ్చారట. ఒకడి వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి, సిల్వర్ నైట్రేట్ మరకలు. ల్యాబ్ కోటు స్కూటీ హ్యాండిల్‌కి తగిలించి, చెట్టు చాటున జెర్సీ వేసుకుని రెఫరీ అనుమతితో లోపలికి పరుగెత్తారు. పేర్లు ముందే టీమ్ షీట్‌లో రాసి ఉంచాను కాబట్టి చెల్లింది. 66వ నిమిషంలో ఆ నల్ల వేళ్ళ కుర్రాడే గోలు కొట్టాడు. తర్వాత మాకు ఇంకో నాలుగు పడ్డాయి. 1-6.

నోటీసు రాసిన వారి లెక్కలో ఇదొక ఓటమి, అంతే. ఏడు ఆటల్లో ఒక్కదానికీ ఈ జట్టు వాకోవర్ ఇవ్వలేదు. ఆ సంగతి రాసుకోవడానికి మీ ఫైల్లో గడి లేనట్టుంది.

4. గోల్‌పోస్టు. ఇది ఆటకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. దక్షిణం వైపు పోస్టు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో పడిపోయింది. వెల్డింగు చేయించి నిలబెట్టారు. పైకర్ర ఒక పక్క బెత్తెడు కిందికి వాలింది. 2.44 మీటర్ల ఎత్తు ఉండాల్సిన చోట మా కీపర్ చెయ్యెత్తితే తగులుతుంది. వాలితే వాలింది, నా భయం అది కాదు. దాని కాళ్ళు భూమిలో కదులుతున్నాయి. గోల్‌పోస్టు నేలకి గట్టిగా బిగించి ఉండాలని నిబంధనల్లోనే ఉంది. సాయంత్రాలు చుట్టుపక్కల చిన్నపిల్లలు వచ్చి ఆ కర్ర పట్టుకుని ఊగుతారు. మూడు ఉత్తరాల్లోనూ ఈ మాట రాశాను. ఇది నాలుగోసారి.

5. నీళ్ళు, మందులు. అక్టోబరులో మన ఊరి ఉక్కపోత అందరికీ తెలిసిందే. సముద్రం గాలి తగలని చోట చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. ఒక మ్యాచ్‌లో మా ఫార్వర్డ్‌కి పిక్కలు పట్టేసి, వాంతులై కళ్ళు తేలేశాడు. ఫస్ట్‌ఎయిడ్ బాక్సు లేదు, ఐసు లేదు. ఆటోలో కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ బాగానే చూశారు, సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఆటో డబ్బులు, సెలైన్ అయ్యేదాకా వాళ్ళమ్మ పడ్డ టెన్షన్, ఏ పద్దు కింద రాయమంటారు?

నా తప్పులు కూడా చెప్పాలి. నాకు కోచింగ్ లైసెన్సు లేదు. ముప్పై ఏళ్ళ కిందట నేను నేర్చుకున్నదే చెబుతాను, ఆట అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. రెండో టోర్నీలో డిఫెన్సులో ఒకణ్ణి తగ్గించి ముందుకి పంపింది నేనే. అరగంటలో మూడు పడ్డాయి. ఇంకో రోజు ఆఫీసులో షిప్‌మెంట్ పని తగిలి ఆటకే ఆలస్యంగా వెళ్ళాను. నా స్థానంలో చదువుకున్న కోచ్ వస్తే బంతులు మోసే పనికి నేను సిద్ధం. జట్టు ఓడిపోవడంలో నా వాటా నేను తీసుకుంటున్నాను. మీ వాటా సంగతి ఎవరూ మాట్లాడటం లేదు, అదే నా బాధ.

క్రికెట్ మీద నాకు కోపం లేదు. ఊళ్ళో అంతర్జాతీయ స్టేడియం ఉన్నాక పిల్లల చూపు అటు పోవడం సహజం. మన కాలేజీ క్రికెట్ నెట్స్ కొత్తవి వేయించారు, సంతోషం. ఆ వలల్లో పాతవి తీసి పారేయబోతే అడిగి తెచ్చుకుని మా గోలుకి కట్టుకున్నాం, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి.

పెద్దలు ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన దేశం యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయింది. పది గోల్స్! మావాళ్ళకి ఏ మ్యాచ్‌లోనూ అన్ని పడలేదు. అప్పటికి మన ఆటగాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడేవారు. ఆ ఓటమి తర్వాత దేశం ఫుట్‌బాల్ మానేయలేదు. బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదులో ఒక స్కూలు టీచరు. ఆయన తర్ఫీదు ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. తెలుగువాళ్ళకి ఈ ఆట కొత్త కాదు. మనమే మధ్యలో వదిలేశాం. రైట్ బ్యాక్ కాన్వాస్ బూట్లు చూసినప్పుడల్లా నాకు హెల్సింకీ గుర్తొస్తుంది. అప్పటివాళ్ళకి ఓడిపోయాక బూట్లు దొరికాయి. మావాడికి నోటీసు దొరికింది.

జట్టు పోతే పోయేది ఒక కప్పు కాదు, కప్పు ఎలాగూ రాలేదు. ఎవరికి ఏం పోతుందో చూడండి.

మా కీపర్‌ది పెదజాలారిపేట. నాన్న సముద్రంలో చేపల వేటకి వెళతాడు. ఈ అబ్బాయి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల నుంచి చేపల ట్రేలు దించి, ఆరింటికి ప్రాక్టీసుకి వస్తాడు. బంతి ముట్టుకునే ముందు గ్రౌండు మట్టితో చేతులు రుద్దుకుంటాడు. ఎందుకురా అంటే, "నీసు వాసన పోదు మాస్టారూ, మిగతావోళ్ళు ఏటనుకుంటారో" అన్నాడు. అతను క్లాసుకి వచ్చేదే ప్రాక్టీసు అయ్యాక ఎలాగూ కాలేజీలో ఉన్నాం కదా అని. గ్రౌండు లేకపోతే హార్బర్ నుంచి తిన్నగా ఇంటికి పోయి పడుకుంటాడు. హాజరు తగ్గుతుంది, ఆ తర్వాత కథ మీ రికార్డుల్లో చాలామంది పేర్ల పక్కన ఉంది.

మా లెఫ్ట్ వింగర్ అరకు వైపు గిరిజన గూడెం నుంచి వచ్చాడు. వేరే కాలేజీలో సీటు వచ్చినా ఇక్కడ జట్టు ఉందనే చేరాడు. కాలేజీల మధ్య పోటీల్లో ఆడితేనే యూనివర్సిటీ జట్టు ఎంపిక చేసేవాళ్ళ కంట్లో పడతారు. అందులో చోటు వస్తే దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలు. ఆ సర్టిఫికెట్లు ఉంటేనే రైల్వేలోనో పోలీసులోనో క్రీడాకారుల కోటా ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టుకునే దారి. కాలేజీ ఎంట్రీయే పంపకపోతే ఎంత బాగా ఆడేవాడైనా ఎవరికీ కనిపించడు. ఇద్దరు ముగ్గురి బతుకుతెరువు మెట్టు మీద మోటారు సైకిళ్ళు నిలబెడదామంటున్నారు.

ఇక సాయంత్రాలు వచ్చే చుట్టుపక్కల పిల్లలు. గంటకి ఇంతని అద్దె కట్టి కృత్రిమ గడ్డి టర్ఫుల్లో ఆడుకునే స్తోమత వాళ్ళకి లేదు. మన గోడకి ఉత్తరాన ఉన్న కన్నంలోంచి దూరి వస్తారు. వాచ్‌మన్‌కి తెలుసు, చూడనట్టు ఉంటాడు. ఆయన్ని ఏమీ అనకండి.

ఫస్టియర్ ఆడపిల్లలు ఐదుగురు జూలైలో వచ్చి మాకూ నేర్పిస్తారా అని అడిగారు. కాలేజీ అనుమతి తెచ్చుకోండమ్మా అన్నాను. ఆ అనుమతి కూడా "పైన" ఉంది.

మీరు చేయాల్సినవి ఇవి.

1. నోటీసు వెనక్కి తీసుకోవాలి. కనీసం రెండు సీజన్లు జట్టు కొనసాగుతుందని రాతపూర్వకంగా చెప్పాలి.

2. కంకర, చువ్వలు వేసవి సెలవుల్లోగా తీయించి గ్రౌండు పూర్తిగా అప్పజెప్పాలి. బళ్ళకి ఆడిటోరియం వెనక ఖాళీ ఉంది, ఇప్పుడక్కడ విరిగిన బెంచీలు పెట్టారు.

3. గోల్‌పోస్టులు రెండూ పీకించి కొత్తవి పాతించాలి. దీనికి మాత్రం సెలవుల దాకా ఆగకండి. ఈ వారమే కనీసం ఆ వాలినదాన్ని తీయించేయండి, రాళ్ళు పెట్టుకుని ఆడుకుంటాం.

4. పీడీ పోస్టు భర్తీ అయ్యేలోగా లైసెన్సు ఉన్న కోచ్‌ని పార్ట్‌టైమ్‌గా పెట్టాలి.

5. ప్రతి విద్యార్థి ఫీజు రసీదులోనూ స్పోర్ట్స్ ఫీజు అని ఒక వరుస ఉంది. గత మూడేళ్ళలో అది ఎంత వసూలైంది, దేనికి ఎంత ఖర్చయింది, ఆ లెక్క నోటీసు బోర్డులో పెట్టండి. మనది ఎయిడెడ్ కళాశాల, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని నాకూ తెలుసు. సొంత ఇంట్లో కాగితం పెట్టి అడగడమెందుకని ఇంతకాలం ఆగాను. ఈ నెలాఖరు దాకా చూస్తాను.

6. మ్యాచ్ రోజున ప్రాక్టికల్ పడితే ఆ పిల్లలకి వేరే బ్యాచ్‌లో అవకాశం ఇవ్వాలి. అడుక్కునే పని లేకుండా, పీడీ సంతకం ఉంటే చాలన్నట్టు ఉండాలి.

7. ప్రతి ఆటకీ ఫస్ట్‌ఎయిడ్ పెట్టె, ఐసు, మంచినీళ్ళ క్యాను. బంతులు పది. షిన్‌గార్డులు అందరికీ.

8. ఆడపిల్లలకి జవాబు చెప్పాలి. అవునో కాదో.

9. వేసవి సెలవుల్లో పొద్దున్న రెండు గంటలు గేటు తీయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. మా కీపర్ లాంటి మత్స్యకారుల పిల్లలకి అప్పుడు హార్బర్ పని ఉండదు. ఏడాది మొత్తంలో వాళ్ళకి నిద్ర చాలేదీ, ఒళ్ళు తేరుకునేదీ ఆ రెండు నెలలే. సరిగ్గా అప్పుడే మనం గేటుకి తాళం వేస్తాం. వాళ్ళు బీచిలో ఇసుక మీద ఆడుకుంటారు. ఇసుక కాళ్ళకి బలం ఇస్తుంది, నిజమే. దాని మీద బంతి మాత్రం దొర్లదు.

పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకి ఒక్క మాట. పోయిన డిసెంబరులో మన సమ్మేళనంలో వేదిక మీద కప్పిన శాలువాలు లెక్కపెట్టాను, 34. నాకూ ఒకటి కప్పారు, కృతజ్ఞతలు. వచ్చేసారి నా శాలువా ఖరీదు బంతి రూపంలో ఇప్పించండి.

కాలేజీలో మిగతా విద్యార్థులకి కూడా ఒక మనవి. ఏడు ఆటల్లో మావాళ్ళని చూడటానికి వచ్చిన మీలో ఎక్కువమంది వచ్చింది 1-6 మ్యాచ్ మర్నాటి ఆటకి. ఎన్ని పడతాయో చూద్దామని వచ్చారు, వెక్కిరించారు కూడా. అయినా వచ్చారు. మళ్ళీ రండి.

ఈ లేఖ చదివి పాలకమండలి నన్ను గ్రౌండులోకి రావద్దంటే రాను, గోడ బయట నిలబడి చూస్తాను. నా మీద కోపం పిల్లల ఇంటర్నల్ మార్కుల మీదికి పోకుండా చూడమని మాత్రం ప్రిన్సిపాల్ గారిని చేతులు జోడించి అడుగుతున్నాను.

నోటీసు పడ్డాక గేటుకి తాళం వేశారు. కుర్రాళ్ళు అయినా వస్తున్నారు, రోడ్డు మీద వార్మప్ చేసి వెళ్ళిపోతున్నారు. సోమవారం పొద్దున్న ఐదున్నరకి గేటు దగ్గర ఉంటాం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది, మీరు ఒక ఫోన్ చేస్తే తీస్తానన్నాడు.

ఇట్లు
మీ పాత లెఫ్ట్ హాఫ్